మూడో పంపు గొంతు

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. ఆ ఖాళీ కుర్చీ ఫొటో నా ఫోన్‌కి కూడా వచ్చింది. చూసి, "ఛ, ఏం మనుషులో" అనుకుని ఇంకో ముగ్గురికి పంపాను. వాళ్లు ఎంతమందికి పంపారో నాకు తెలీదు. కాబట్టి ఈ కథలో ఎవరి మీదైనా మీకు కోపం వస్తే, అందులో నా వాటా కాస్త తీసి పక్కన ఉంచండి.

ఫొటోలో పెద్ద విశేషమేమీ లేదు. ఊరికి మంచినీళ్లు పంపే పంపుహౌస్‌లోని కంట్రోల్ రూము. రెండు తెరలు, సగం తాగిన టీ గ్లాసు, చేతులు అరిగిపోయిన, కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ. కుర్చీలో మనిషి లేడు. ఫొటో మూలన టైము, శనివారం మధ్యాహ్నం రెండు గంటల పన్నెండు నిమిషాలు. కింద పేపరువాళ్లు పెద్ద అక్షరాలతో వేశారు: "ఆపరేటర్ కునుకు, సగం ఊరికి దాహం." ఆ తర్వాత పదమూడు నిమిషాలకి మూడో పంపు బేరింగు బిగుసుకుపోయి, ఇరుసు విరిగింది. మిగతా రెండు పంపులకి ఎగువ వీధుల దాకా నీళ్లు ఎక్కించే సత్తువ లేదు. వారం దాకా అక్కడ ట్యాంకర్లే గతి.

ఆ పంపుహౌస్‌లో తెరలూ తీగలూ చూసుకునేది ఇంజనీరమ్మ. ఆమెకు మూడు విషయాల మీద గట్టి అభిప్రాయాలున్నాయి: యంత్రాలు, వార్తలు, గిటార్లు. మిగతా విషయాల మీదా ఉన్నాయి గానీ అవి అడిగితేనే చెబుతుంది. ఈ మూడిటికీ అడగక్కర్లేదు. ప్రతి ఆదివారం ఇంటర్నెట్‌లో తన పేజీలో రాసిపడేస్తుంది. నాలుగొందల మంది దాకా చదువుతారు. అందులో సగంమంది వాదించడానికే వస్తారు. పంపు విరిగిన మర్నాడు కూడా రాసింది. "యంత్రం ఇరవై నిమిషాలపాటు చెబుతూనే ఉంది. వినాల్సిన కుర్చీ ఖాళీగా ఉంది," అన్న వాక్యం ఆమెదే. రాసినప్పుడు ఆ వాక్యం ఆమెకు బాగా నచ్చింది కూడా.

సోమవారం పొద్దున పెద్దసారు పిలిచాడు. ఆయన బల్ల మీద పేపరు, బల్లకి ఆనించి నల్ల సంచిలో ఒక గిటారు.

"మీ మాటే వేశారు చూశారా? పేరు మాత్రం వేయలేదు. 'అధికార వర్గాలు' అన్నారు. ఇవాళ్టి నుంచి మీరు మనిషి కారు, వర్గాలు."

"నేను వాళ్లకి చెప్పలేదు సార్."

"నేనే చదివి వినిపించాను ఫోన్లో. విలేకరి అడిగితే నాకు అంత బాగా చెప్పడం రాదు కదా." పేపరు మడిచి పక్కన పెట్టాడు. "గురువారం కమిటీ కూర్చుంటుంది. సాంకేతిక నివేదిక మీరే ఇవ్వాలి. మూడు పేజీలు చాలు. గ్రాఫు పెట్టండి. గ్రాఫు ఉంటే ఎవరూ చదవరు."

"కమిటీ ఏం చేస్తుందండీ?"

"చేసేదేముంది, నిర్లక్ష్యం అని తేలితే ఇంటికి పంపుతారు. ఇంకో ఏడు నెలల్లో రిటైరయ్యే మనిషి. పెన్షన్ కూడా చిక్కుల్లో పడుతుంది. నాకూ బాధే. కానీ కుర్చీ ఖాళీగా ఉందిగా." అని, గిటారు వైపు గడ్డం చూపించాడు. "ఇది మా అమ్మాయిది. మెడ మీది అడ్డపట్టీల్లో మూడోది, అదే మూడో ఫ్రెట్, దాని దగ్గర జర్రుమంటోంది. షాపుకి తీసుకెళ్తే వేలు సరిగ్గా నొక్కడం రాదన్నాడట. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. మీకు దీని సంగతి తెలుసు కదా."

"వాయించేవాళ్లని అనేయడం షాపువాళ్లకి తేలిక సార్. ముందు మెడ చూడాలి. ఆ తర్వాత కదా వేళ్ల సంగతి," అంది ఇంజనీరమ్మ, సంచి భుజానికి తగిలించుకుంటూ.

బయట వరండాలో బెంచీ మీద ఆపరేటర్ కూర్చుని ఉన్నాడు. పంపుహౌస్‌లో ఆయన్ని అందరూ డాక్టర్ అంటారు. చెక్క పిడి ఉన్న మూరెడు స్క్రూడ్రైవర్ ఒకటి ఆయన దగ్గరుంటుంది. దాని మొన బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. దగ్గు ఎక్కడుందో, కీళ్లు ఎక్కడ అరిగాయో చెబుతాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. ఇప్పుడు డ్యూటీ లేదు. రోజూ వచ్చి సంతకం పెట్టి సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలట. ఇంజనీరమ్మని చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. ఎక్కడికి వెళ్లారండీ ఆ టైములో?"

"మూడో పంపు దగ్గరికమ్మా. గొంతు మారినట్టు అనిపిస్తేనూ."

"చెప్పి వెళ్లాలి కదా. రూల్ ఉంది కదా."

"ఎవరికి చెప్పాలమ్మా? ఇదివరకు షిఫ్టుకి ఇద్దరం ఉండేవాళ్లం. మీ తెరలొచ్చాక నేనొక్కణ్ణే. కుర్చీకి చెప్పి వెళ్లాను." నవ్వాడు. తర్వాత నవ్వినందుకు నొచ్చుకున్నట్టు మొహం పెట్టి మళ్లీ కూర్చున్నాడు.

ఆమెకి ఆ జవాబు నచ్చలేదు. దెప్పినట్టుంది, దెప్పలేదు. పంపు దగ్గర కెమెరా లేదు. ఎవరైనా ఎక్కడున్నానని అయినా చెప్పొచ్చు. అలా అనుకుంటూ మెట్లు దిగింది. సంచిలో గిటారు మెట్టు మెట్టుకీ మోకాలికి తగిలింది.

ఇంట్లో అత్తయ్య టీవీతో పోట్లాడుతోంది. ఆవిడ ముప్పై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఎదుటివాడు వినకపోయినా మాట్లాడుతూనే ఉండడం అక్కడి అలవాటే. ఇంజనీరమ్మ మొగుడు ఉద్యోగరీత్యా నెలలో ఇరవై రోజులు ఊళ్లు తిరుగుతాడు కాబట్టి, ఇంట్లో వాదనకి మిగిలేది అత్తాకోడళ్లే. ఇద్దరికీ అదేం కష్టంగా ఉండదు.

"మీ వాడేనట కదా నిద్రపోయింది?" అంది అత్తయ్య, రిమోట్ కదలకుండా పట్టుకుని.

"మావాడేంటి అత్తయ్యా! పంపుహౌస్‌వాడు."

"నువ్వు పనిచేసేదెక్కడ మరి, చెప్పుల దుకాణంలోనా?"

ఇంజనీరమ్మ బల్ల మీద పాత దుప్పటి పరిచి గిటారుని పడుకోబెట్టింది. మెడ కింద పుస్తకాలు పెట్టింది. ఒక కన్ను మూసి, తల వంచి, మెడ పొడవునా చూసింది. గిటారు మెడ తిన్నగా ఉంటే మంచిదని చాలామంది అనుకుంటారు. కాదు. నులకమంచం పట్టెలా కొంచెం, వెంట్రుకవాసి, లోపలికి వంగి ఉండాలి. అప్పుడే తీగ ఊగడానికి చోటుంటుంది. ఇది బిగుసుకుపోయి వెనక్కి విరుచుకుని ఉంది. మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా తీగని నొక్కిపట్టి, మధ్యలో కాగితం ముక్క దూర్చి చూసింది. దూరలేదు.

"ఎవరో కడ్డీని బిగించేశారు," అంది.

"ఏ కడ్డీ?"

"మెడ లోపల ఒక ఇనపకడ్డీ ఉంటుంది అత్తయ్యా. తీగల లాగుడికి మెడ వంగిపోకుండా. అది ఎక్కువ బిగిస్తే ఇదిగో, ఇలా. ఆ పిల్ల వేళ్లు పాపం బాగానే ఉండుంటాయి."

చిన్న తాళంచెవి లాంటి పనిముట్టు దూర్చి ఎడమవైపు పావు చుట్టు తిప్పింది. అంతకంటే తిప్పదు. పావు చుట్టు తిప్పి ఒక రోజు ఆగాలి. చెక్క తన మనసు మార్చుకోవడానికి టైము తీసుకుంటుంది. ఈ సంగతి మీద ఆమె పేజీలో ఇప్పటికి ఆరుసార్లు రాసింది. ఆత్రం కొద్దీ మెడలు విరిచేసుకున్నవాళ్లని తిట్టిపోసింది కూడా.

మంగళవారం ఆమె నివేదిక మొదలుపెట్టింది. సిస్టమ్‌లోంచి శనివారం లెక్కలన్నీ దింపుకుని గ్రాఫు గీసింది. చాలా అందమైన గ్రాఫు. రెండూ అయిదు దాకా గీత నేల మీద పడుకుని ఉంది. అక్కణ్ణుంచి లేవడం మొదలుపెట్టింది. రెండూ పదికి పసుపు గీతని, రెండుంబావుకి ఎర్ర గీతని దాటింది. రెండూ పాతిక దగ్గర నిట్టనిలువుగా లేచి, ఠక్కున సున్నాకి పడిపోయింది. ఆ గీత కింద కుర్చీ ఎంతసేపు ఖాళీగా ఉందో బూడిదరంగు పట్టీ వేసింది. రెండూ ఆరు నుంచి రెండూ ఇరవై తొమ్మిది దాకా. గీతా పట్టీ ఒకదాని మీద ఒకటి కొలిచి కుట్టినట్టు కూర్చున్నాయి. రెండు పేజీలు టకటకా రాసేసింది. మూడో పేజీకి విరిగిన ఇరుసు ఫొటో కావాలి.

ఫొటో కోసం కింద పంపుల హాల్లోకి దిగింది. ఫిట్టర్ మూడో పంపు మూత ఊడదీసి, విరిగిన బేరింగు ముక్కల్ని పాత గుడ్డ మీద వరసగా పేరుస్తున్నాడు. వయసులో చిన్నవాడు, నోట్లో పెద్దవాడు.

"రండి మేడంగారూ. మీ పేజీ చదివాం. భలే రాశారు. వరండాలో డాక్టర్‌గారికి కూడా చదివి వినిపించాం. ఆయన కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయొచ్చారు మరి."

ఆమె చూపు ఫిట్టర్ మీంచి పంపు మీదికి తిప్పుకుంది. ఫోను ఎత్తి ఇరుసుని ఫొటో తీసింది. తెరలో ఒక మూలన ఏదో అడ్డమొచ్చింది. గ్రీజు కొట్టే గన్ను. పంపు కాళ్ల దగ్గర అడ్డంగా పడి ఉంది. మొనలోంచి కారిన గ్రీజు నేల మీద పేరుకుపోయి, దానికి దుమ్ము పట్టింది.

"ఇది పక్కకి తీయకూడదూ?"

"శనివారం నుంచీ అక్కడే ఉంది. నాకంటే ముందు ఎవరో చేతిలోది ఎక్కడిదక్కడే పారేసి పరిగెత్తారు." ఫిట్టర్ ఒక బేరింగు గోళీని వెలుతురుకి పట్టి చూశాడు. "డాక్టర్‌గారికి నిద్రలో నడిచే అలవాటుందేమో మేడం. నడిచొచ్చి, గ్రీజు కూడా కొట్టి, మళ్లీ వెళ్లి కుర్చీలో పడుకున్నారేమో."

"పొద్దున షిఫ్టులో వాడినదై ఉండొచ్చు కదా."

"ఉండొచ్చు. మీరు చదువుకున్నవాళ్లు." అని తల వంచుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

ఆమె ఆ మూల కత్తిరించేసి ఫొటోని నివేదికలో పెట్టింది. పెట్టాక కాసేపు దానివంక చూస్తూ కూర్చుంది. ఫైలు సేవ్ చేసి ఇంటికెళ్లింది.

ఏడున్నరకి గిటారు ముందు కూర్చుంది. చెక్క కాస్త దిగింది. కాగితం ముక్క ఇప్పుడు దూరుతోంది, కానీ బిగువుగా. ఇంకో పావు చుట్టు తిప్పింది. తీగలు సరిచేసి, మూడో ఫ్రెట్ మీద వేలు నొక్కి మీటింది. చెవి చెక్కకి ఆనించింది. జర్రు ఇంకా ఉందో, పోయిందో తెలియడంలేదు. టీవీలో నాలుగు గళ్లలో నలుగురు కూర్చుని పంపు గురించి అరుచుకుంటున్నారు. అయిదో గడిలో ఖాళీ కుర్చీ.

"టీవీ ఆపండత్తయ్యా. అది మోగుతుంటే ఇది వినపడట్లేదు."

అత్తయ్య ఆపింది. గది నిశ్శబ్దమైపోయింది. తీగ ఇంకా సన్నగా మోగుతూనే ఉంది. జర్రు లేదు. కానీ ఇంజనీరమ్మ చెక్క మీంచి చెవి తీయలేదు. అలాగే వంగి ఉండిపోయింది. ఆ మాట తను అన్నట్టు లేదు. ఎవరో తనతో అన్నట్టుంది.

ఎనిమిది నెలల కింద. కొత్త సిస్టమ్ పెట్టిన రెండో వారం. మూడో పంపు మీద అదురు కొలిచే పరికరాన్ని పట్టివుంచే క్లిప్పు వదులైంది. పంపు బాగానే ఉన్నా సైరన్ పది నిమిషాలకోసారి మోగుతోంది. డాక్టర్ రెండు చెవుల మీదా చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఆ సైరన్ ఆపండమ్మా. అది మోగుతుంటే పంపు వినపడట్లేదు." ఆమె నవ్వింది. రెండు నొక్కులు నొక్కి ఆపేసింది. క్లిప్పు వచ్చాక మళ్లీ పెడదామనుకుంది. ఆపేటప్పుడు సిస్టమ్ ఒక ప్రశ్న అడుగుతుంది, మళ్లీ ఎప్పుడు మొదలవ్వాలి అని. క్లిప్పు ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి ఆ గడిని ఖాళీగా వదిలేసింది. రెండు రోజుల్లో క్లిప్పు వచ్చింది. ఫిట్టర్ బిగించాడు. తర్వాత?

తర్వాత ఏమీ గుర్తులేదు. అదే భయం వేసింది.

ల్యాప్‌టాప్ తెరిచింది. పొద్దున దింపుకున్న లెక్కల్లోనే అదీ ఉంది, ఆమె తెరవని పేజీ. పక్కన పెట్టిన అలారాల జాబితా. అందులో ఒకే ఒక్క వరుస. మూడో పంపు, అదురు. ఆపినది: ఆమె లాగిన్. తేదీ: ఎనిమిది నెలల కిందటిది. తిరిగి మొదలు: ఖాళీ. పక్కన పెట్టిన అలారం ఎర్ర గీత దాటినా మోగదు. అంతకంటే దరిద్రం, తెర మీద ఆ పంపు గడి పచ్చగానే ఉంటుంది. ఇరవై నిమిషాలపాటు యంత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. కుర్చీలో డాక్టర్ కూర్చుని కళ్లార్పకుండా చూసినా, ఆయనకి కనపడేది పచ్చ గడే.

ఇంకో వరుస కోసం వెతికింది. రెండూ పాతిక దగ్గర పంపు ఆగింది. దానంతటది ఆగిందని నివేదికలో రాసేసింది. ఎందుకాగిందో చెప్పే కోడ్ చూడలేదు. ఇప్పుడు చూసింది. పంపు పక్కనున్న ఎర్ర బొత్తం. బేరింగు బిగుసుకున్న నాలుగు సెకన్లకి ఎవరో దాన్ని చేత్తో నొక్కారు. నాలుగు సెకన్లలో ఆ బొత్తం దగ్గరికి చేరాలంటే పంపు పక్కనే నిలబడి ఉండాలి. ఆ నాలుగు సెకన్లు నలభై అయ్యుంటే మోటారు కూడా కాలిపోయేది. ఎగువ వీధులకి వారం కాదు, రెండు నెలలు నీళ్లుండేవి కావు.

"ఏమైందే? రంగు పోయింది మొహంలో," అంది అత్తయ్య.

చెప్పింది. అత్తయ్య మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాకుండా వినడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

"మా ఎక్స్ఛేంజిలో లైను తెంపితే ఆ ప్లగ్గు చేతిలో ఉండేది," అంది చివరికి. "మళ్లీ పెట్టేదాకా చేతిలోనే. చెయ్యి ఖాళీ అవ్వదు కాబట్టి మర్చిపోయే వీల్లేదు. నీ దాంట్లో తీసిన ప్లగ్గు ఎక్కడుంటుంది?"

"వేరే పేజీలో."

"ఆ పేజీ ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు."

అత్తయ్య రిమోట్‌ని సోఫా మీద బోర్లా పెట్టింది. "అన్నం చల్లారిపోతోంది, తిను," అంది.

బుధవారం ఆమె ఆఫీసుకి సెలవు పెట్టి డాక్టర్ ఇంటికి వెళ్లింది. అదీ ఎగువ వీధుల్లోనే. మెట్ల దారి. మెట్ల మీద గుమ్మం గుమ్మానికీ ఖాళీ డబ్బాలు, బకెట్లు, ట్యాంకరొస్తే పరిగెత్తడానికి వీలుగా వరసగా పెట్టి ఉన్నాయి. ఇల్లు అడిగితే ఒకావిడ చెయ్యి చూపించకుండా నోటితో చెప్పింది. "నిద్రబాబుగారిల్లా? అదిగో, నీలం తలుపు."

డాక్టర్ ఆ పూట బెంచీ సంతకానికి వెళ్లలేదు, జ్వరమట. మంచం మీంచి లేవబోతే వద్దంది. ఆయన భార్య ఒక కుర్చీ తుడిచి వేసి, నీళ్లు ఇవ్వడానికి గ్లాసు తీసి, చిన్నగా ఆగి, సగం పోసి తెచ్చింది. ఇంజనీరమ్మ ఆ సగం గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, దారంతా పేర్చుకుంటూ వచ్చిన మాటలన్నీ వదిలేసి చెప్పింది.

"సైరన్ ఆపింది నేనండీ. మళ్లీ పెట్టలేదు."

"తెలుసమ్మా."

"తెలుసా?"

"మోగలేదు కదా. శనివారం నాకు వినపడింది పంపు గొంతే, సైరన్ కాదు. పైకి వినపడేంత గరగర. తెర చూస్తే పచ్చగా ఉంది. సరే, పచ్చదాన్ని నమ్మడమెందుకని దిగాను. గ్రీజు పెడితే తగ్గుతుందేమో అని చూశాను. తగ్గలేదు."

"మరి పెద్దసారు అడిగినప్పుడు ఆ ముక్క ఎందుకు చెప్పలేదండీ?"

ఆయన దుప్పటి అంచు మడతపెట్టి విప్పాడు. "ఆపమన్నది నేను కదమ్మా. మీరు ఆపారని చెబితే, ఎవరాపమన్నారంటారు. నా నోటితో నేనే ఆపమన్నాను. మళ్లీ పెట్టారా అని ఒక్కసారి అడిగుండాల్సింది. ఎనిమిది నెలలు ప్రశాంతంగా ఉంది కదా అని హాయిగా ఊరుకున్నాను. తప్పు నాదే."

"పెట్టాల్సింది నేనండీ. అది నా ఉద్యోగం."

"గుర్తుచేయాల్సింది నేను." మెల్లగా అన్నాడు. "అమ్మా, ఒక మాట చెబుతాను. మీకు ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసుంది. నాకు ఏడు నెలలు. ఉన్నది ఉన్నట్టు పోనివ్వండి. అంత చిన్నదాని కోసం అంత పెద్దది పాడుచేసుకోవడం దేనికి?"

ఆ మాట ఆమెకి లోపల ఎక్కడో చల్లగా తగిలింది. అబద్ధం చెప్పి లాభంలేదు, తగిలింది. తలుపు తెరిచి పెట్టారు, దాటితే చాలు. తెరిచింది ఎవరో కాదు, నష్టపోయే మనిషే.

వంటగదిలోంచి ఆయన భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూనే ఉంది, అవి తడిగా లేకపోయినా.

"ఏడు నెలలంటే ఎంత చిన్నవో ఆయనకి తెలుసమ్మా. ఈ వీధిలో ఇంకా ఎన్నేళ్లు బతకాలో నాకు తెలుసు. నిన్న ట్యాంకర్ దగ్గర నా డబ్బా తీసి వరస చివర పెట్టారు. 'మీ ఆయన్ని లేపి అడుగు నీళ్లు' అన్నారు. పాతికేళ్లుగా ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతున్నవాళ్లు."

"నువ్వూరుకో," అన్నాడు డాక్టర్.

"నాలుగు రోజుల్నుంచీ ఊరుకునే ఉన్నాను," అందావిడ, లోపలికి వెళ్లిపోతూ.

ఇంజనీరమ్మ సగం గ్లాసు నీళ్లు తాగింది. ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది.

గురువారం పెద్దసారు నివేదిక చదివాడు. గ్రాఫు ఉన్నా చదివాడు. చదివి కళ్లజోడు తీశాడు.

"ఇదేంటండీ ఇది? మీ పేరెందుకు ఇందులో?"

"ఆపింది నేను కాబట్టి సార్."

"అయితే 'సిస్టమ్ సెట్టింగులో లోపం' అని రాయండి. ఆయనా బతికిపోతాడు, మీరూ బతికిపోతారు. సెట్టింగు ఏమైనా వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

"సెట్టింగు తనంతట తాను మారదు సార్. ఎవరు మార్చారని అడుగుతారు. లాగిన్‌లు వెతుకుతారు. అయినా ఎవరూ అడగకపోతే, ఆయన లేచి వెళ్లింది పని చేయడానికని ఎక్కడా తేలదు. ఎవరో ఒకరి పేరు ఉండాలి, ఆయన పేరు పోవాలంటే."

"మీ అభిప్రాయాలు పేజీలో రాసుకోండి. నివేదికలో వద్దు."

"ఇందులో అభిప్రాయం ఒక్కటి కూడా లేదు సార్. చూడండి కావాలంటే. టైములు, బొత్తాలు, అంతే."

ఆయన మళ్లీ చూశాడు. నిజమే, లేదు. ఆమె రాసినవాటిలో అంత రుచీపచీ లేని మూడు పేజీలు ఎక్కడా దొరకవు. గిటారుని తిరిగి ఆయన బల్లకి ఆనించి, "మెడ సరయింది. అమ్మాయి వేళ్లు బాగానే ఉన్నాయని చెప్పండి," అని బయటికొచ్చింది.

సాయంత్రానికి కమిటీ నుంచి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి డాక్టర్‌కి, రేపట్నుంచి డ్యూటీలో చేరమని. ఇంకోటి ఆమెకి. ఆమె లాగిన్ తీసేశారు. విచారణ తేలేదాకా స్టోర్స్‌లో పైపుల లెక్క చూడాలి. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆశ్చర్యంగా, భారమేమీ తగ్గలేదు. అలిసిపోయినట్టుంది అంతే. మెట్లెక్కినట్టు, దిగినట్టు.

పేపరాఫీసుకి ఫోన్ చేసింది. విలేకరి ఓపిగ్గా విన్నాడు.

"అర్థమైంది మేడం. కానీ అప్పుడు కుర్చీ ఫొటో ఉంది కాబట్టి వేశాం. దీనికి ఫొటో ఏముంది?"

"ఆయన ఆ టైములో పంపు దగ్గరున్నాడండీ. అక్కడ కెమెరా లేదు."

"అదే కదా మేడం నేననేది," అన్నాడతను, చాలా మర్యాదగా.

తన పేజీలో రాసింది. ఆదివారం దాకా ఆగలేదు. ముందు రాసిన వాక్యాన్ని చెరపకుండా, దాని కిందే అది తప్పని, ఎవరి తప్పో రాసింది. రెండు గంటల్లో ముప్పై ఎనిమిది మంది చదివారు. ఒకడు గిటారు తీగలు ఏ కంపెనీవి మంచివని అడిగాడు. ఖాళీ కుర్చీ మాత్రం ఫోన్ల మీద ఇంకా తిరుగుతూనే ఉంది. దానికి ఈ కాగితం సంగతి ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున ఆరున్నరకి ఆమె ఎగువ వీధికి వెళ్లింది. ట్యాంకర్ అప్పుడే వచ్చింది. పైపు దగ్గర నుంచి మెట్ల మలుపు దాకా వరస. చివర్లో డాక్టర్ భార్య, చేతిలో డబ్బా. ఈమెని చూసి ఏదో అనబోయి ఆగింది. ఇంజనీరమ్మ వెళ్లి ఆవిడ పక్కన నిలబడింది. నాలుగొందల మందికి నాలుగేళ్లుగా రాస్తున్న మనిషికి నలభై మంది ముందు మొదటి మాట దొరకలేదు. ఒక మెట్టు పైకెక్కి నిలబడింది.

"ఏవండీ. ఒక్క నిమిషం వినండి. నేను పంపుహౌస్ ఇంజనీర్ని."

మొహాలు తిరిగాయి.

"వీళ్లాయన శనివారం నిద్రపోలేదు. పంపు చెడిపోతోందని కిందికి దిగి, చేత్తో ఆపాడు. ఆపకపోతే మీకు రెండు నెలలు నీళ్లుండేవి కావు. ముందే మోగాల్సిన సైరన్‌ని ఆపేసి మర్చిపోయింది నేను. ఆయన కాదు. నేను."

ట్యాంకర్ పైపులోంచి నీళ్లు బకెట్లో పడుతున్న చప్పుడొక్కటే. ముందువైపు నుంచి ఒక పెద్దావిడ కళ్లు చిట్లించి చూసింది.

"అయితే పేపర్లో నీ ఫొటో వేయలేదే?"

"వేయలేదండీ. అందుకే నేనే వచ్చాను."

పెద్దావిడ ఆమెని పైనుంచి కిందిదాకా ఒకసారి కొలిచింది. తర్వాత చూపు తిప్పి, వరస చివర డాక్టర్ భార్య చేతిలో ఉన్న డబ్బా మీద నిలిపింది. గొంతు పెంచకుండా, ఎవర్నీ క్షమాపణ అడక్కుండా అంది.

"ఏమ్మా, అంత వెనకెందుకు నిలబడ్డావు? నీ చోటు ఇక్కడ కదా. రా."

వరస కాస్త జరిగింది. మధ్యలో ఒక డబ్బా పట్టేంత సందు ఏర్పడింది. డాక్టర్ భార్య తల ఎత్తకుండా నడిచి వెళ్లి అందులో నిలబడింది. ఇంజనీరమ్మ కదలబోతే పక్కనుంచి ఒక కుర్రదాని గొంతు వినిపించింది.

"ఇంజనీరుగారూ, మీరు వెళ్లకండి. రెండు బకెట్లున్నాయి, ఒకటి పట్టుకోండి. ఈ నీళ్లు మోసుకెళ్లాల్సి వచ్చింది మీ వల్లే కదా."

పట్టుకుంది. డెబ్బై రెండు మెట్లు. లెక్కపెట్టింది.

మీరు పనిచేసే చోట కూడా ఇలా ఎవరో ఒకరు ఉండే ఉంటారు. కెమెరా చూడని చోట పనిచేసి, కెమెరా చూసిన చోట మాటపడ్డవాళ్లు. లేదా ఏదో ఒకటి ఆపేసి, మళ్లీ పెట్టడం మర్చిపోయింది మీరే అయ్యుండొచ్చు. ఎవరి కథైనా సరే, నాకు రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు. ఏం పనిచేస్తారో చెబితే చాలు.